రఫెల్ నాదల్: విజయనగరంలో మా కోర్టు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో పొద్దునా సాయంత్రం పిల్లలకి టెన్నిస్ నేర్పుతుంటాను. మా కోర్టు గోడ మీద నాదల్ బొమ్మ ఒకటుంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లా, పిల్లాడూ మొదటి వారంలోనే ఆ బొమ్మ ముందు ఆగి ఏదో ఒకటి అడుగుతారు. పిల్లల్ని దించడానికొచ్చి బండి మీదే కూర్చునే నాన్నలూ, టిఫిన్ డబ్బాతో గేటు దగ్గర నిలబడే అమ్మలూ ఇంకో రకం ప్రశ్నలు అడుగుతారు. పదే పదే వచ్చేవాటిని ఇక్కడ రాసి పెడుతున్నాను. నాదల్ ఆటంటే నాకు ప్రాణం, అందుకే కొన్ని జవాబులు పొడుగవుతాయి.

నాదల్ ఎవరు మాస్టారూ? తొందరగా చెప్పండి.

స్పెయిన్ దేశపు టెన్నిస్ ఆటగాడు. 1986 జూన్ 3న మయోర్కా దీవిలోని మనకోర్ అనే ఊళ్ళో పుట్టాడు. సింగిల్స్‌లో 22 గ్రాండ్‌స్లామ్‌లు (టెన్నిస్‌లో అన్నిటికన్నా పెద్ద నాలుగు పోటీలు) గెలిచాడు: ఫ్రెంచ్ ఓపెన్ 14, యూఎస్ ఓపెన్ 4, వింబుల్డన్ 2, ఆస్ట్రేలియన్ ఓపెన్ 2. ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు, 2008 బీజింగ్‌లో సింగిల్స్‌కి ఒకటి, 2016 రియోలో మార్క్ లోపెజ్‌తో కలిసి డబుల్స్‌కి ఒకటి. సింగిల్స్‌లో మొత్తం టైటిళ్ళు 92, వాటిలో 63 ఎర్రమట్టి కోర్టుల మీద వచ్చినవే. 2024 నవంబరులో ఆట నుంచి తప్పుకున్నాడు.

మనకోర్ అంటే మన వైజాగ్ అంత ఉంటుందా?

వైజాగ్ మాట అలా ఉంచండి, మన విజయనగరం కన్నా కూడా చిన్న ఊరు. కర్ర సామానుకీ, కృత్రిమ ముత్యాల తయారీకీ పేరున్న ఊరు. సముద్రం దగ్గర్లోనే ఉంటుంది. నాదల్ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో నాయనమ్మ, తాతయ్య, బాబాయిలు అందరూ ఒకే భవనంలో తలా ఒక అంతస్తులో ఉండేవారు. తలుపులు తెరిచే ఉండేవి, పిల్లలు ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో తినేవారు. మన ఉమ్మడి కుటుంబాల సంగతి తెలిసినవాళ్ళకి ఆ ఇల్లు కొత్తగా ఉండదు. తండ్రి సెబాస్టియన్ వ్యాపారి, అద్దాల వ్యాపారం ఉండేది. తాతయ్య సంగీతకారుడు. ఒక బాబాయి మిగెల్ ఏంజెల్ పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడు, బార్సిలోనా క్లబ్బుకీ స్పెయిన్ జట్టుకీ ఆడాడు. ఇంకో బాబాయి టోనీ. ఆయన గురించి వేరే ప్రశ్నే ఉంది.

ఆట ఎవరు నేర్పారు?

టోనీ బాబాయే. మూడేళ్ళ పిల్లాడి చేతికి రాకెట్ ఇచ్చింది ఆయన, 2017 దాకా కోచ్‌గా ఉన్నదీ ఆయన. అన్న కొడుకు దగ్గర కోచ్‌గా జీతం తీసుకోలేదు. బదులుగా అన్న సెబాస్టియన్ తన వ్యాపారంలో తమ్ముడికి వాటా ఇచ్చాడు. ఇది అన్నదమ్ముల మధ్య జరిగిన ఒప్పందం. జీతం ఇచ్చే ఆటగాడిని కోచ్ గట్టిగా మందలించలేడు. టోనీకి ఆ ఇబ్బంది లేకుండా పోయింది.

ఆయన పద్ధతి మాత్రం కఠినం. మిగతా పిల్లలు ఉన్నా, బంతులు ఏరే పని, కోర్టు ఊడ్చే పని రఫాకే (నాదల్ ముద్దుపేరు) పడేది. పాతబడి గాలిపోయిన బంతులతో, సరిగా లేని కోర్టుల మీద ఆడించేవాడు. ఫలానాది బాగాలేదు కాబట్టి ఓడిపోయాను అనే మాట నోట్లోంచి రాకూడదన్నది ఆయన పట్టుదల. ఒకసారి పిల్లాడు నీళ్ళ సీసా మర్చిపోయి వస్తే, తప్పెవరిది అని అడిగి, దాహంతోనే ఆడించాడు. ఇది చెప్పగానే మా కోర్టులో ఒకరిద్దరు నాన్నలు "అలాగే చెయ్యండి మాస్టారూ, మావాడికి బుద్ధొస్తాది" అంటారు. నేను చెయ్యను. మన ఏప్రిల్, మే ఎండల్లో పిల్లలకి నీళ్ళు ఆపితే వడదెబ్బ తగులుతుంది. టోనీ దగ్గర నేర్చుకోవలసింది దాహం కాదు, బాధ్యత.

అదే టోనీ ఎంత ముద్దు చేసేవాడో కూడా చెప్పాలి. రఫాకి ఏడేళ్ళప్పుడు తనకన్నా చాలా పెద్ద కుర్రాడితో ఆట పడింది. బాబాయి ముందుగానే ధైర్యం చెప్పాడు: మరీ చిత్తుగా ఓడిపోయేలా ఉంటే నేను వాన కురిపిస్తాలే, ఆట ఆగిపోతుంది అని. బాబాయికి మంత్రాలొచ్చని పిల్లాడు నిజంగానే నమ్మేవాడు. ఆట మొదట్లో వెనకబడి, మెల్లగా పుంజుకుంటున్నాడు. అప్పుడే నిజంగా చినుకులు మొదలయ్యాయి. పిల్లాడు బాబాయి దగ్గరికి వెళ్ళి, వాన ఆపెయ్ బాబాయ్, నేను గెలవగలననిపిస్తోంది అన్నాడట. ఆ మ్యాచ్ గెలవలేదనుకోండి. కానీ ఈ కథ విన్న మా పిల్లలు మబ్బు పట్టినప్పుడల్లా నా మొహం కేసి చూస్తారు.

ఇంకొకటి. రఫా పన్నెండేళ్ళలోపు పిల్లల్లో స్పెయిన్ ఛాంపియన్ అయ్యాడు. ఇల్లంతా పండగ చేసుకుంటోంది. టోనీ మాత్రం అదే పోటీని గత పాతికేళ్ళలో గెలిచినవాళ్ళ పేర్ల జాబితా సంపాదించి పిల్లాడి ముందు చదివాడు. ఇతను తెలుసా? తెలీదు. ఇతను? తెలీదు. ఇతనో? తెలుసు. అలా చదువుకుంటూ పోతే తర్వాత పేరు తెచ్చుకున్నవాళ్ళు ఆ పాతికమందిలో కొద్దిమందే తేలారు. జిల్లా పోటీలో కప్పు గెలిచిన పిల్లాడికి ఊరంతా ఫ్లెక్సీలు కట్టేసే మన అలవాటు చూసినప్పుడల్లా నాకు ఆ జాబితా గుర్తొస్తుంది. కప్పు గెలిచిన పిల్లని మెచ్చుకోవాలి, తప్పకుండా మెచ్చుకోవాలి. మర్నాడు ఉదయం మాత్రం ప్రాక్టీసుకి పంపాలి. రఫా దక్షిణాఫ్రికాలో జూనియర్ పోటీ గెలిచి వచ్చినప్పుడు ఇంట్లో కట్టిన బ్యానర్‌ని టోనీ స్వయంగా పీకేశాడు, తెల్లారి తొమ్మిదింటికల్లా కోర్టుకి రమ్మన్నాడు.

నాదల్‌ది పుర్రచెయ్యా? మా గుంటడు ఎడం చేత్తో ఆడితే మాన్పించాలా?

నాదల్ రాసేది కుడిచేత్తో. చాలా పనులు కుడిచేత్తోనే చేస్తాడు. చిన్నప్పుడు ఫోర్‌హ్యాండ్‌నీ (ఆడే చెయ్యి ఉన్న వైపు దెబ్బ), బ్యాక్‌హ్యాండ్‌నీ (దానికి అవతలి వైపు దెబ్బ) రెంటినీ రెండు చేతులతో కొట్టేవాడు. పెద్ద ఆటగాళ్ళెవరూ అలా ఆడరు, ఫోర్‌హ్యాండ్‌కి ఒక చెయ్యి చాలు అని టోనీ చెప్పినప్పుడు సహజంగా ఎడమచేతిని వాడాడు. బలవంతంగా ఎడమచేతి వాటం చేశారన్న మాట నిజం కాదని టోనీయే చాలాసార్లు చెప్పాడు.

మీ పిల్లాడిని మాన్పించకండి. ఎడమచేత్తో అన్నం తింటే పెద్దవాళ్ళు కసరడం మనిళ్ళల్లో మామూలే. కోర్టులోకి మాత్రం ఆ కసురు తీసుకురాకండి. ఎడమచేతి ఆటగాడి సర్వీసు బంతి అవతలివాడికి అలవాటు లేని వైపు తిరుగుతుంది, అది వరం. అలాగని కుడిచేతి పిల్లని నాదల్ పేరు చెప్పి ఎడమకి మార్చడమూ తప్పే.

అక్కడి ఎర్రమట్టీ మన గరువు మట్టీ ఒకటేనా?

చూడ్డానికి ఒకేలా ఉంటుంది. పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రొలాండ్ గారోస్ కోర్టులు టీవీలో చూసి మా పిల్లలు, మన గజపతినగరం రోడ్డు పక్క నేలలా ఉందంటారు. కానీ అది నేలలోంచి తవ్వి తెచ్చిన మట్టి కాదు, ఇటుకలని మెత్తగా దంచిన పొడి. అదీ పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే. దాని కింద సున్నపురాయి పొడిని గట్టిగా అణిచిన పొర ఉంటుంది. అసలు కోర్టు అదే. ఇంకా కింద బొగ్గు చిట్టెం, కంకర, రాళ్ళు ఉంటాయి, నీళ్ళు ఇంకిపోవడానికి. ఇటుక పొడి రంగు కోసం, కాలు జారుతూ ఆగడం కోసం. రోజూ నీళ్ళు చల్లుతారు. సెట్టు (మ్యాచ్‌లో ఒక భాగం) అయ్యాక వల లాంటి దాంతో ఊడ్చి చదును చేస్తారు.

మన గరువు మట్టికి ఆ గుణం ఉండదు. వానపడితే జిగురవుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది. మన దేశంలో పూర్వం పేడతో అలికిన కోర్టులుండేవి, మద్రాసు వైపు వాటి మీద ఆడి పెద్దవాళ్ళయినవాళ్ళున్నారు. మన అమ్మమ్మలు వాకిలి అలికిన చేతి పనికి అంత విలువుందని పిల్లలకి చెబితే కళ్ళు పెద్దవి చేసుకుంటారు.

మట్టి మీద అతన్ని ఎవరూ ఎందుకు ఓడించలేకపోయారు?

మూడు కారణాలు కలిశాయి. మట్టి మీద బంతి వేగం తగ్గి, ఎత్తుగా లేస్తుంది. నాదల్ కొట్టే బంతికి పైతిరుగుడు, అంటే టాప్‌స్పిన్, విపరీతం. సగటున నిమిషానికి దాదాపు 3,200 చుట్లు తిరుగుతుందని లెక్కగట్టారు. స్విట్జర్లాండ్ ఆటగాడు రోజర్ ఫెదరర్‌ది అదే లెక్కలో 2,700 దగ్గర తేలింది. నాదల్ రాకెట్‌ని బంతి కిందనుంచి పైకి లాగి, తల చుట్టూ తాడు తిప్పినట్టు ముగిస్తాడు. ఆ బంతి వల మీదుగా ఎత్తుగా వెళ్ళి, గీత లోపల హఠాత్తుగా దిగి, నేల తాకాక ఎదుటివాడి భుజం దాకా ఎగురుతుంది. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ కొట్టే ఫెదరర్‌కి భుజం ఎత్తులో పదే పదే వచ్చే ఆ బంతే నరకం అయింది. వాళ్ళిద్దరూ మట్టి మీద 16 సార్లు ఆడితే నాదల్ 14 గెలిచాడు.

రెండోది కాళ్ళు. మూలకి వెళ్ళిపోయిన బంతిని కూడా జారుకుంటూ అందుకుని తిరిగి పంపేవాడు. పాయింటు అయిపోయిందనుకున్న చోట ఎదుటివాడు ఇంకో దెబ్బ, ఇంకో దెబ్బ కొట్టాల్సి వచ్చేది.

మూడోది చెప్పడం కష్టం, చూస్తేనే తెలుస్తుంది. 5-0 ఆధిక్యంలో ఉన్నా 0-5 వెనకబడి ఉన్నా అతని మొహం ఒకేలా ఉండేది. పిల్లలకి నేర్పడానికి నాకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

2005 ఏప్రిల్ నుంచి 2007 మే దాకా మట్టి మీద వరసగా 81 మ్యాచ్‌లు గెలిచాడు. హాంబర్గ్ ఫైనల్లో ఫెదరరే ఆ వరస తెంచాడు. ఆ మధ్యలో వాళ్ళిద్దరితో మయోర్కాలో ఒక విచిత్రమైన ప్రదర్శన మ్యాచ్ పెట్టారు, సగం కోర్టు గడ్డి, సగం మట్టి. వైపు మారినప్పుడల్లా బూట్లు కూడా మార్చుకున్నారు. నాదల్ మూడో సెట్టు టైబ్రేక్‌లో, అంటే సెట్టు సమంగా నిలిచినప్పుడు తేల్చే చివరి ఆటలో, గెలిచాడు.

ఫ్రెంచ్ ఓపెన్‌లో మొత్తం ఎన్నిసార్లు ఓడిపోయాడు?

నాలుగుసార్లు. 2009లో రాబిన్ సోదర్లింగ్ చేతిలో, 2015లోనూ 2021లోనూ సెర్బియా ఆటగాడు జొకోవిచ్ చేతిలో, 2024లో జ్వెరెవ్ చేతిలో. గెలిచిన మ్యాచ్‌లు 112. 2016లో మణికట్టు గాయంతో మధ్యలో తప్పుకున్నాడు, అది ఓటమి కింద రాదు.

మొదటిసారి ఆడింది 2005లో. ఆడిన మొదటిసారే గెలిచాడు. సెమీఫైనల్లో ఫెదరర్‌ని ఓడించిన రోజు అతని పందొమ్మిదో పుట్టినరోజు. పద్నాలుగోది 2022లో, 36 ఏళ్ళు నిండిన రెండు రోజులకి, కాస్పర్ రూడ్ మీద. ఆ రెండు పుట్టినరోజుల మధ్య పదిహేడేళ్ళు. మా కోర్టులో చేరే పిల్లల్లో చాలామంది ఆ పదిహేడేళ్ళ మధ్యలో పుట్టినవాళ్ళే.

మంచి కోచింగ్ కావాలంటే పిల్లాడిని హైదరాబాదు, చెన్నై పంపాల్సిందేనా? ఇక్కడుంటే లాభం లేదంటున్నారు.

అందరికన్నా ఎక్కువగా అమ్మానాన్నలు అడిగేది ఇదే, కాబట్టి తీరిగ్గా చెబుతాను.

రఫాకి పద్నాలుగేళ్ళప్పుడు స్పెయిన్ టెన్నిస్ సమాఖ్య అతన్ని బార్సిలోనా వచ్చి శిక్షణ తీసుకోమంది. అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. చదువు పాడవుతుందని ఒక భయం. మంచి ఆటగాడు కావాలంటే ఇల్లు వదిలి పోవాలన్న మాటనే టోనీ నమ్మలేదు. పంపనందుకు సమాఖ్య నుంచి రావలసిన డబ్బు సాయం తగ్గింది, తండ్రి తన జేబులోంచి ఖర్చు పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది, 2001లో, ఆ కుర్రాడు వింబుల్డన్ మాజీ విజేత పాట్ క్యాష్‌ని ప్రదర్శన మ్యాచ్‌లో ఓడించాడు. 2002 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ళ వయసులో, తన దీవిలోనే జరిగిన పోటీలో మొదటి ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) మ్యాచ్ గెలిచాడు. ప్రపంచ నంబర్ వన్ అయ్యాక కూడా దీవి వదిలి మకాం మార్చలేదు. 2016లో తన అకాడమీ పెట్టింది కూడా మనకోర్‌లోనే. ఇప్పుడు బయటి దేశాల పిల్లలు ఆ చిన్న ఊరికి వచ్చి నేర్చుకుంటున్నారు.

ఇది విని, అయితే పంపక్కర్లేదన్నమాట అని తేల్చెయ్యకండి. రెండో వైపు కూడా చూడండి. రఫా తండ్రికి డబ్బుంది. బాబాయి ఇంట్లోనే ఉన్నాడు, రోజూ గంటల తరబడి కోర్టులో ఉండగలిగాడు. అన్నిటికన్నా ముఖ్యం, అదే దీవిలో పాల్మాలో కార్లోస్ మోయా ఉన్నాడు. 1998 ఫ్రెంచ్ ఓపెన్ విజేత, 1999లో ప్రపంచ నంబర్ వన్. కుర్రాడైన రఫాతో మోయా తరచూ ప్రాక్టీసు చేసేవాడు. అంతటివాడు అవతలి వైపు నిలబడి బంతి కొడుతుంటే బార్సిలోనా దాకా పోనవసరం ఏముంది? టోనీ తర్వాత నాదల్ కోచ్ అయిందీ ఆ మోయాయే.

నా లెక్క ఇది. పన్నెండేళ్ళ దాకా పిల్ల ఇంటి అన్నం తిని, ఇంట్లో పడుకుని, ఇక్కడే ఆడాలి. ఆ వయసులో కావలసింది రోజూ ఆట, చూసే కన్ను, ఓడినా ఇంటికి రాగానే దగ్గరకు తీసుకునే అమ్మ. ఇవి విజయనగరంలోనూ ఉన్నాయి, శ్రీకాకుళంలోనూ ఉన్నాయి. ఆ తర్వాత ఇక్కడ తనని ఓడించేవాళ్ళు ఎవరూ లేరన్న రోజు వస్తే, అప్పుడు ప్రయాణాలు మొదలుపెట్టాలి. ముందు విశాఖపట్నం టోర్నమెంట్లకి, తర్వాత రాష్ట్రమంతా. మకాం మార్చడం గురించి ఆలోచించేది ఆ తర్వాతే. పొలం అమ్మి పదేళ్ళ పిల్లాడిని హాస్టల్లో పెట్టిన ఒక కుటుంబం నాకు తెలుసు. వాడు ఏడాదికల్లా రాకెట్ అంటేనే మొహం తిప్పుకున్నాడు. మంచి చెయ్యి వాడిది. ఇప్పటికీ బాధేస్తుంది.

మీకు బాగా ఇష్టమైన మ్యాచ్ ఏది?

2008 వింబుల్డన్ ఫైనల్. 2006లో, 2007లో అదే ఫైనల్లో ఫెదరర్ చేతిలో ఓడిపోయి ఉన్నాడు నాదల్. ఫెదరర్ అప్పటికి అయిదేళ్ళుగా వరసగా గెలుస్తున్నాడు. జూలై 6, ఆదివారం. వానవల్ల ఆలస్యంగా మొదలైంది, మధ్యలోనూ ఆగింది. నాదల్ మొదటి రెండు సెట్లు గెలిచాడు, తర్వాతి రెండూ టైబ్రేకుల్లో పోయాయి. నాలుగో సెట్టులో గెలుపు పాయింటు చేతికొచ్చి జారిపోయింది. అలాంటి చోట ఎవరైనా కుంగిపోతారు. అతను అయిదో సెట్టుకి వచ్చి, చీకటి పడుతుంటే, 9-7తో గెలిచాడు. మొత్తం 4 గంటల 48 నిమిషాలు.

అక్కడ చీకటి పడే వేళకి మనకి రాత్రి దాదాపు రెండయింది. టీవీ సౌండు తగ్గించి చూశాను, ఇంట్లో అందరూ పడుకున్నారని. నాదల్ వెనక్కి నేలమీద పడిపోయి, లేచి, గోడలెక్కి తన వాళ్ళ దగ్గరికి పాకుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయి. మర్నాడు ఉదయం ప్రాక్టీసుకి అందరికన్నా ముందు కోర్టులో ఉన్నాను.

ఆ ఆగస్టులో ఒలింపిక్ బంగారం గెలిచాడు, మొదటిసారి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

ఫెదరర్, నాదల్, జొకోవిచ్: ముగ్గురిలో ఎవరు గొప్ప?

లెక్కలు చెబుతాను. ఫెదరర్‌తో 40 మ్యాచ్‌లు, నాదల్ 24, ఫెదరర్ 16. జొకోవిచ్‌తో 60 మ్యాచ్‌లు, జొకోవిచ్ 31, నాదల్ 29. గ్రాండ్‌స్లామ్‌లు ఫెదరర్‌కి 20, నాదల్‌కి 22, జొకోవిచ్‌కి 24. లెక్కల ప్రకారం జొకోవిచ్, ఆ మాట ఒప్పుకుంటాను. పిల్లలకి చూపించడానికి ఒక్క ఆటగాడినే ఎంచుకోమంటే మాత్రం నాదల్‌నే ఎంచుకుంటాను. ప్రతి బంతికీ పరిగెత్తడం అనేది అలవరచుకోగల గుణం, అది పుట్టుకతోనే రానక్కర్లేదు.

2022 సెప్టెంబరులో ఫెదరర్ లండన్‌లో తన చివరి మ్యాచ్ డబుల్స్ ఆడాడు, పక్కన భాగస్వామి నాదల్. ఆట అయ్యాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. పదిహేనేళ్ళు ఒకరినొకరు ఓడించుకున్నవాళ్ళు. ఆటలో పోటీ అంటే పగ కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఆ వీడియో ఒక్కసారి చూపిస్తే పిల్లలకి ఎక్కింది.

అన్ని గాయాలతో ఎలా ఆడాడు?

2005లో, అంటే మొదటి ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన ఏడాదే, ఎడమ పాదం మధ్యలోని చిన్న ఎముకకి ముల్లర్-వైస్ అనే అరుదైన జబ్బు ఉందని తేలింది. ఇక టెన్నిస్ ఆడలేకపోవచ్చన్నారు. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఇంట్లో ఏడుపులు. టోనీ అతన్ని కోర్టుకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి బంతులు వేశాడు. కాలు పని చేయకపోతే చెయ్యి పని చేస్తుంది కదా అని. కూర్చునే బంతులు కొట్టాడు. తర్వాత బూటు లోపల ప్రత్యేకమైన అట్టలాంటిది పెట్టించి నడక సర్దుకున్నారు. పాదం మీది భారం మోకాళ్ళకి, నడుముకి మారింది. ఆ తర్వాత మోకాళ్ళు, మణికట్టు, పొట్ట కండరాలు, తుంటి, ఏదో ఒకటి ప్రతి ఏడాదీ.

2022 ఫ్రెంచ్ ఓపెన్ పాదానికి మొద్దుబారే ఇంజెక్షన్లు చేయించుకుంటూ ఆడి గెలిచాడు. ఆ ఏడాది జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో మెద్వెదేవ్ చేతిలో రెండు సెట్లు పోగొట్టుకుని, 5 గంటల 24 నిమిషాలు ఆడి గెలిచాడు. అంతకు కొన్ని నెలల ముందు ఊతకర్రల మీద ఉన్నాడు.

దీన్ని గొప్పగా చెబుతూనే ఒక మాట. పిల్లలు నొప్పి అని చెబితే నాదల్ పేరెత్తి ఆడించకండి. అతను పక్కన డాక్టరుని పెట్టుకుని, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, తెలిసి తెలిసి చేసిన నిర్ణయం అది. పదేళ్ళ పిల్ల మోకాలు నొప్పంటే ఆ రోజుకి ఆట ఆపాల్సిందే.

సీసాలు ఎందుకలా పేర్చుకునేవాడు? మూఢనమ్మకమా?

రెండు నీళ్ళ సీసాలు, ఒకదాని వెనక ఒకటి, లేబుళ్ళు కోర్టు వైపు చూసేలా. గీతలు తొక్కేవాడు కాదు. సర్వీసుకి ముందు ముక్కు, చెవుల దగ్గర జుట్టు ఒకే వరసలో తాకేవాడు. చుట్టూ ఉన్నవి వరసగా ఉంటే మనసు కూడా వరసగా ఉంటుందన్నది అతని భావం. మన పిల్లలు మ్యాచ్ ముందు పైడితల్లి అమ్మవారిని తలుచుకుని నేలకి దండం పెట్టి దిగుతారు. మనసు ఒకచోట నిలబడితే చాలు, నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కోపం వచ్చి రాకెట్ విరగ్గొట్టిన వీడియో ఉందా?

లేదు. రాకెట్ విసిరితే ఆ రోజుతో నేను కోచ్‌గా మానేస్తానని టోనీ చిన్నప్పుడే చెప్పాడు. కెరీర్ మొత్తంలో ఒక్కటి కూడా విరగ్గొట్టలేదు.

మన దేశానికి ఎప్పుడైనా వచ్చాడా?

వచ్చాడు, ఒకసారి మన రాష్ట్రానికే వచ్చాడు. చెన్నై ఓపెన్‌లో 2004లో టామీ రొబ్రెడోతో కలిసి డబుల్స్ గెలిచాడు. 2008లో అక్కడే సెమీఫైనల్లో మోయాతో నాలుగు గంటల పాటు ఆడి గెలిచి, మర్నాడు కాళ్ళు కదలక ఫైనల్లో యూజ్నీ చేతిలో 6-0, 6-1తో ఓడిపోయాడు.

అనంతపురం సంగతి చాలామందికి తెలీదు. స్పెయిన్ నుంచి వచ్చి అనంతపురంలో స్థిరపడి, కరువు పల్లెల కోసం బతుకంతా ధారపోసిన విన్సెంట్ ఫెర్రర్ పేరు విన్నారు కదా. ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో కలిసి నాదల్ ఫౌండేషన్ 2010లో అనంతపురంలో పేదపిల్లల కోసం టెన్నిస్ బడి పెట్టింది. ఆ అక్టోబరులో నాదల్ తన తల్లితో కలిసి అక్కడికి వచ్చాడు. టెన్నిస్ ఒక్కటే కాదు, ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుతారు, పిల్లల తిండీ ఆరోగ్యమూ చూస్తారు. ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న ఏడాది, నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచినవాడైన ఏడాది, రాయలసీమ పిల్లల మధ్య నిలబడ్డాడు. రాష్ట్రానికి ఆ కొసన అది ఉంటే ఈ కొసన మనం ఉన్నాం. అలాంటిది ఉత్తరాంధ్రకి కూడా ఒకటి ఉండాలని నా కోరిక. ఈ మాట వినే ఓపిక ఉన్న ప్రతివాళ్ళతోనూ అంటాను.

మన జిల్లాల వాళ్ళకి ఆటల్లో పేరుందా? టెన్నిస్ మనది కాదంటారు.

విజ్జీగా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్ 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆయన టెన్నిస్ కూడా ఆడేవారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి మనవాడే. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ అయ్యారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లె నుంచి ఎంతమంది ఆడపిల్లలు బరువులెత్తి పతకాలు తెచ్చారో అందరికీ తెలుసు. ఒక్క పల్లెలో ఒక్క ఆట పట్టు దొరికితే ఏమవుతుందో కొండవెలగాడ చూపించింది. టెన్నిస్‌కి ఇంకా ఆ పట్టు దొరకలేదు, అంతే.

చివరి మ్యాచ్ గెలిచాడా?

లేదు. 2024 నవంబరు 19న స్పెయిన్‌లోని మలాగాలో, దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్‌లో, నెదర్లాండ్స్ ఆటగాడు బోటిక్ వాన్ డి జాండ్‌షుల్ప్ చేతిలో 4-6, 4-6తో ఓడిపోయాడు. ఆ రాత్రి మాట్లాడినప్పుడు కూడా తాను మయోర్కాలోని ఒక చిన్న ఊరి నుంచి వచ్చినవాడినని, తన బాబాయి ఆ ఊళ్ళోనే కోచ్ కావడం తన అదృష్టమని చెప్పుకున్నాడు. 2025 మేలో రొలాండ్ గారోస్ పెద్ద కోర్టులో అతని పాదముద్రతో ఒక ఫలకం పెట్టారు. ఫెదరర్, జొకోవిచ్, మర్రే ముగ్గురూ వచ్చారు.

మా పాపకి ఆరేళ్ళు. ఎప్పుడు తీసుకురమ్మంటారు? ఏం కొనాలి?

ఆరేళ్ళంటే సరైన వయసే. ఖరీదైన రాకెట్ కొనకండి. ఈ వయసుకి 19 లేదా 21 అంగుళాల తేలికపాటి అల్యూమినియం రాకెట్ చాలు, నిలబడి చేయి కిందికి చాపితే రాకెట్ కొస నేలకి తగలకుండా ఉండాలి. మామూలు పసుపు బంతి వద్దు. మొదట మెత్తని ఎర్ర బంతితో, చిన్న కోర్టులో ఆడిస్తాం. అది మామూలు బంతి కన్నా ముప్పాతిక వంతు నెమ్మది. ఎనిమిదేళ్ళ తర్వాత నారింజ బంతి, ఆపైన ఆకుపచ్చ బంతి, చివరికి పసుపు, 23.77 మీటర్ల పూర్తి కోర్టు. తొందరపడి పసుపు బంతికి వెళ్ళిన పిల్ల భుజం ఎత్తు బంతులతో కుస్తీ పట్టి దెబ్బ తీరు పాడుచేసుకుంటుంది.

నూలు బట్టలు, టోపీ, మామూలు క్యాన్వాసు బూట్లు చాలు. ఉదయం చోడి అంబలి తాగించి పంపితే మరీ మంచిది. వేసవిలో ఏడున్నరకల్లా ఆపేస్తాం. నీళ్ళ సీసా తప్పకుండా తేవాలి, దాన్ని పాపే మోయాలి, మీరు కాదు. బంతులు కూడా తనే ఏరాలి.